మొహమాటం, మొరుగు, ఏసీ గాలి: పెంపుడు కుక్కలు వచ్చే ఒక ఆఫీసు కేస్ స్టడీ

ఇది నమూనా కేసు. ఆఫీసుల్లోకి పెంపుడు జంతువులను రానిచ్చినప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతులను ఒకే ఆఫీసులో జరిగినట్టు కూర్చి రాసినది. కొలతలు, మోతాదులు, పద్ధతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు వాడుకోవచ్చు.

పరిస్థితి

64 మంది పనిచేసే డిజైన్, సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మూడో అంతస్తు, ఒకటే ఫ్లోరు. సెంట్రల్ ఏసీ. నేల సగం కార్పెట్, సగం టైల్స్. రెండు లిఫ్టులు, వాటిని ఇంకో రెండు కంపెనీలూ వాడతాయి. బుధ, శుక్రవారాల్లో ఎవరి కుక్కను వాళ్లు తెచ్చుకోవచ్చని ఒక సర్క్యులర్ వెళ్లింది. అందులో నియమాలు మూడే: టీకాలు వేయించి ఉండాలి, ఎవరి కుక్కకు వాళ్లదే బాధ్యత, అభ్యంతరం ఉన్నవాళ్లు హెచ్‌ఆర్‌కు రాయాలి. ఒక్కరూ రాయలేదు. దాన్ని అంగీకారమనుకున్నారు. రోజుకు ఐదు కుక్కలు వచ్చేవి, ఒక్కోసారి ఆరు. వాటిలో ఒకటి డైరెక్టరుగారిది. ఎవరూ రాయకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

నాలుగో వారంలో మూడు విషయాలు ఒకేసారి బయటపడ్డాయి. ఒక లాబ్రడార్ సహోద్యోగి చేతిమీద పళ్లు తగిలించింది. కాన్ఫరెన్స్ గది కార్పెట్‌లో ఉచ్చ వాసన ఎన్నిసార్లు కడిగినా పోవడంలేదు. టెస్టింగ్ టీములో ఒకావిడ మూడు వారాలుగా సరిగ్గా బుధ, శుక్రవారాల్లోనే ఇంటినుంచి పనిచేస్తున్న సంగతి హాజరు పట్టీ తీస్తేగానీ తెలియలేదు. ఆవిడకు ఉబ్బసం. అడిగితే, "నావల్ల అందరి సరదా ఎందుకు పాడవ్వాలండీ" అంది.

మేనేజ్‌మెంటుకు మొదట తోచిన పరిష్కారం లాబ్రడార్‌ను ఆపేసి మిగతావాటిని కొనసాగించడం. అలా చేసి ఉంటే రెండు నెలల్లో ఇంకో కుక్కతో ఇదే జరిగేది. మూడు సంఘటనలకూ మూలం ఒకటే: ఇబ్బంది పడేవాళ్లు మొహమాటపడి చెప్పలేదు, చెప్పే వీలున్న పద్ధతిలో వాళ్లను ఎవరూ అడగలేదు. ఆ లాబ్రడార్‌దీ అదే కథ. అది మాత్రం పొద్దుటినుంచీ చెబుతూనే ఉంది, చదివినవాళ్లు లేరు.

శుక్రవారం నాలుగు గంటలకు ఏం జరిగింది

నాలుగేళ్ల మగ లాబ్రడార్, 31 కిలోలు, ఇంట్లో పిల్లలతో పెరిగింది, ఎవరినీ కరిచిన చరిత్ర లేదు. మీటింగు గదిలో టేబుల్ కింద పడుకుని ఉంది. ఎవరో బిస్కెట్ ప్యాకెట్ విప్పారు. ఒక ముక్క కిందపడి కుక్క ముందుకాళ్ల దగ్గర ఆగింది. పక్క కుర్చీలో ఉన్న వ్యక్తి తీద్దామని వంగి చెయ్యి చాచాడు. కుక్క నోరు మూసుకుంది. అప్పటిదాకా ఎగశ్వాసతో తెరిచి ఉన్న నోరు అలా టక్కున మూతపడటం పెద్ద హెచ్చరిక. ఒళ్లు బిగుసుకుంది, తల కదల్లేదు, కళ్లు మాత్రం చేతివైపు తిరిగాయి. తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. చిన్నగా గుర్రుమంది. మాటల హోరులో అది ఎవరికీ వినపడలేదు. చెయ్యి ఇంకాస్త ముందుకెళ్లింది. కరవబోయి వదిలేసింది. బొటనవేలి దగ్గర ఒక గీత పడింది, కాస్త రక్తం.

తర్వాత చేసిన పని మొదటి తప్పుకంటే పెద్దది. శానిటైజర్ రాసి, ప్లాస్టర్ వేసి, నవ్వుకుని మీటింగు కొనసాగించారు. చర్మం తెగిన ఏ కుక్కకాటుకైనా, గీతకైనా మొదట చేయాల్సింది ధారగా పడే నీటికింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. గడియారం చూసి 15 నిమిషాలు. గట్టిగా కట్టు కట్టకూడదు. అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రేబిస్ టీకా కావాలా, ధనుర్వాతం ఇంజెక్షను కావాలా అన్నది డాక్టరు తేల్చాలి. "మా కుక్కకు అన్నీ వేయించాం" అన్న యజమాని మాట దానికి చాలదు. ఈ కేసులో ఆ మాట కూడా నిజం కాదని తేలింది. ఫోనులో ఉన్న టీకా కార్డు తీసి చూస్తే రేబిస్ బూస్టరు గడువు దాటి రెండు నెలలైంది. కార్డు ఉందా అని అడిగారేగానీ, దానిమీద తేదీ ఎవరూ చూడలేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం కాబట్టి ఇక్కడ "పెంపుడు కుక్కేగా" అన్న ధీమాకు చోటు లేదు.

ఇక ఆ రోజును వెనక్కి తిప్పి చూస్తే: ఉదయం 8:50కి ఇరుకు లిఫ్టులో ఒక బీగిల్‌తో ముఖాముఖి. తొమ్మిదిన్నరకు మీటింగు, పదకొండుకు ఇంకోటి. మధ్యాహ్నం నడక యజమాని కాల్‌లో ఉండటంతో 10 నిమిషాలకే ముగిసింది. రెండింటికి ఫైర్ అలారం పరీక్ష. మూడింటికి ముగ్గురు వంతులవారీగా తినుబండారాలు చూపించి కూర్చో, షేక్‌హ్యాండ్ ఇవ్వు అంటూ ఆడించారు. ఎదిగిన కుక్క రోజుకు 12 గంటలకు పైగా నిద్రపోతుంది. ఇంట్లో ఉంటే ఆ పగలంతా చాలావరకు కునుకులే. ఇక్కడ దానికి ముక్కలు ముక్కలుగా గంటన్నర కూడా దొరకలేదు. ఒత్తిడి ఒక్కో మెట్టూ పేరుకుంటూ పోతుంది, ఒకదానినుంచి తేరుకోకముందే ఇంకోటి వచ్చి పడుతుంది. పొద్దున్నే అదే బిస్కెట్ ముక్క పడి ఉంటే బహుశా తోకాడిస్తూ ఊరుకునేది.

టీము చాట్‌లో పదకొండు గంటల ఫొటో ఒకటి దొరికింది. "ఎంత బుద్ధిగా మీటింగు వింటోందో" అని కింద నవ్వు బొమ్మలు. ఫొటోలో కుక్క చెవులు వెనక్కి అంటుకుని ఉన్నాయి, ఒక ముందుకాలు గాల్లోకి లేచి ఉంది, నాలుక కొస ముక్కు మీదికి వచ్చింది, తల కెమెరానుంచి పక్కకి తిరిగింది. ఆ నాలుగూ కలిస్తే "నన్ను వదిలేయండి" అని అర్థం. నిద్ర రాకుండానే వచ్చే ఆవలింత, తడవకుండానే ఒళ్లు దులుపుకోవడం, తిండి లేనప్పుడు పెదవులు నాక్కోవడం కూడా అదే జాబితాలోవి. ఈ ఫొటోనే తర్వాత శిక్షణలో మొదటి పాఠంగా వాడారు. దీనికి మించిన పాఠ్యపుస్తకం దొరకదు.

గుర్రుమన్నందుకు కుక్కను కసరడం, పట్టీ లాగి దెబ్బకొట్టడం చేయకూడదు. అలా చేస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. ఆ తర్వాత ఆ కుక్క చప్పుడు లేకుండా కరుస్తుంది. గుర్రుమన్నప్పుడు చేయాల్సింది చెయ్యి ఆపడం, చూపు తిప్పడం, పక్కకి జరిగి దానికి దారి ఇవ్వడం.

గాలి సంగతి

ఉబ్బసం ఉన్న ఉద్యోగి విషయంలో హెచ్‌ఆర్ మొదట రాసుకున్న ప్రణాళిక: కుక్కలు బుధ, శుక్రవారాల్లో, ఆవిడ సోమ, మంగళ, గురువారాల్లో. కాగితం మీద చక్కగా కుదిరింది. పనిచేయలేదు. గురువారాల్లోనూ ఆవిడ ఇన్‌హేలర్ తీయాల్సి వచ్చింది.

కారణం బొచ్చు కాదు. అలర్జీ తెప్పించేది కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రోటీన్లు. వాటిలో ముఖ్యమైనదాని పేరు క్యాన్ ఎఫ్ 1. పిల్లుల్లో దాని జోడు ఫెల్ డి 1. ఇవి చాలా సన్నటి కణాలకు అంటుకుని గంటల తరబడి గాలిలో తేలతాయి, బట్టలకు పట్టుకుని కుక్క అడుగే పెట్టని గదులకూ చేరతాయి, కార్పెట్‌లో, బట్ట సోఫాలో వారాల తరబడి ఉండిపోతాయి. పిల్లిదైతే నెలల మాట. అందుకని ఆఫీసులో రోజులు పంచుకుంటే లాభం లేదు, చోటు పంచుకోవాలి. "బొచ్చు రాలని జాతి, అలర్జీ రాదు" అన్న మాటా నిలవదు. ప్రతి కుక్కకూ లాలాజలం ఉంటుంది. స్నానం చేయిస్తే తగ్గుతుంది గానీ కొద్దిరోజుల్లో మళ్లీ మొదటికొస్తుంది. వారానికి రెండుసార్లు చేయిస్తే తప్ప ప్రయోజనం కనపడదు, అన్నిసార్లు చేయిస్తే కొన్ని కుక్కలకు చర్మం పొడిబారి ఆ పొట్టే పెరుగుతుంది.

రెండో విడతలో ఫ్లోరు చివర ఉన్న ఒక గదిని కుక్కల గదిగా మార్చారు. 6 మీటర్ల పొడవు, 5 వెడల్పు, 2.7 ఎత్తు. గది ఎంపికలో చూసింది విస్తీర్ణం కాదు, ఏసీ రిటర్న్ గాలి, అంటే గదిలోంచి ఏసీ వెనక్కి పీల్చుకునే గాలి, ఎటు పోతోందన్నది. ఆ గది గాలి సెంట్రల్ ఏసీలో కలిసి టెస్టింగ్ టీము నెత్తిన పడుతుంటే తలుపు వేసినా ఒకటే, తీసినా ఒకటే. రిటర్న్ గ్రిల్ మూసేసి విడిగా స్ప్లిట్ ఏసీ పెట్టారు, బయటికి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాను ఒకటి బిగించారు.

ఎయిర్ ప్యూరిఫయరు లెక్క ఇలా. గది ఘనపరిమాణం 6 × 5 × 2.7, అంటే 81 ఘనపు మీటర్లు. గంటకు ఐదుసార్లు గాలి మొత్తం వడకట్టాలంటే గంటకు 405 ఘనపు మీటర్లు. ప్యూరిఫయరు డబ్బామీద సీఏడీఆర్ (గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే కొలత) అని రాసే అంకె అంతకు తగ్గకూడదు. తిరకాసేమిటంటే ఆ అంకె ఫుల్ స్పీడులో వచ్చేది, ఫుల్ స్పీడులో చప్పుడుకు విసిగి రెండోరోజే ఎవరో తగ్గించేస్తారు. అందుకే ఒకటి బదులు రెండు కొని మధ్యస్థంగా తిప్పడం మేలు. హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం పట్టేది అయి ఉండాలి. "హెపా తరహా" అని రాసి ఉన్నవి ఆ పరీక్షకు నిలిచినవి కావు.

కార్పెట్ పీకేసి వినైల్ షీటు వేశారు. నున్నటి టైల్స్ మీద కుక్క కాళ్లు జారుతాయి, కీళ్ల నొప్పి ఉన్న ముసలి కుక్కలు లేవడానికే భయపడతాయి, కాబట్టి కాస్త గరుకుదనం ఉన్న రకమే తీసుకోవాలి. బట్ట కుర్చీల బదులు రెక్సిన్. కుక్క పరుపు కవరు వారానికొకసారి యజమాని ఇంటికి తీసుకెళ్లి 60 డిగ్రీల నీటిలో ఉతుకుతాడు. వాక్యూమ్ క్లీనరులో హెపా ఫిల్టర్, మూసి ఉండే సంచి రెండూ ఉండాలి. మామూలుది వాడితే ముందునుంచి పీల్చిన పొట్టును వెనకనుంచి గదిలోకి ఊదుతుంది. ఊడ్చే వేళ అందరూ వెళ్లాకే, పొద్దున్న కాదు.

ఇంత చేశాక కూడా ఒక చిల్లు మిగిలింది: ప్రింటరు. కుక్కల యజమానులు ప్రింటు కోసం టెస్టింగ్ టీము పక్కకే వచ్చేవాళ్లు, స్వెటరు నిండా బొచ్చుతో. కుక్కల గదిలో ఇంకో ప్రింటరు పెట్టించి, తలుపు దగ్గర పైబట్ట తగిలించే కొక్కేలు, బొచ్చు తీసే జిగురు రోలరు పెట్టాక గానీ తేడా రాలేదు.

అడగడం ఎలా

"అభ్యంతరం ఉంటే చెప్పండి" అన్న ప్రశ్నకు ఏ ఆఫీసులోనైనా వచ్చే జవాబు మౌనమే. రెండో విడతలో ఫారం మార్చారు. పేరు రాసినా అది హెచ్‌ఆర్‌లో ఒక్కరికే కనపడుతుంది, ఆ ఒక్కరికి సొంత కుక్క ఉండకూడదు. ప్రశ్నలు చోటుకు ముడిపెట్టారు: కుక్క మీ డెస్కు పక్కన ఉంటే? అదే గదిలో ఉంటే? లిఫ్టులో ఎదురైతే? తలుపు వేసిన వేరే గదిలో ఉంటే? ప్రతిదానికీ "ఫరవాలేదు", "వద్దు" అన్న రెండే జవాబులు. కారణం అడగలేదు. అలర్జీ, చిన్నప్పటి భయం, ఇంటి ఆచారం, ఊరికే ఇష్టంలేకపోవడం, ఏదైనా ఒకటే లెక్క. "ఒకే గదిలో వద్దు" అని 9 మంది రాశారు. మొదటిసారి సున్నా.

ఆ సర్క్యులరు చేరనివాళ్లు ఇంకో ఐదుగురున్నారు: ఇద్దరు సెక్యూరిటీ, ముగ్గురు హౌస్‌కీపింగ్. కంపెనీ ఈమెయిల్ వాళ్లకు లేదు. కార్పెట్ మీద ఉచ్చ తుడిచింది వాళ్లే. వాళ్లలో ఒకామెకు కుక్కలంటే వణుకు. కాన్ఫరెన్స్ గది శుక్రవారం సరిగ్గా శుభ్రం కాకపోవడానికి అసలు కారణం అదేనని అప్పుడు తెలిసింది. ఫారం కాగితం మీద, వాళ్లు చదివే భాషలో ఇవ్వాలి.

నియమం ఇలా స్థిరపడింది. ఒక్కరు వద్దన్నా ఆ చోటికి కుక్క రాదు, జరగాల్సింది కుక్కే, మనిషి కాదు. డైరెక్టరు కుక్కకూ అదే. చూపులేనివాళ్లకు, ఇతర వైకల్యాలున్నవాళ్లకు తోడుండే శిక్షణ పొందిన సహాయక కుక్కలను మాత్రం ఈ విధానంలో కలపకూడదు. అవి సరదాకి వచ్చేవి కావు, వాటికి సంబంధించిన హక్కులు వేరు. వాటిని పలకరించకపోవడం, వాటి దగ్గరికి ఇతర కుక్కలను రానివ్వకపోవడం అందరూ నేర్చుకోవాలి.

ఏ కుక్క, ఎన్ని కుక్కలు

వయసు ఏడాది దాటాలి. రేబిస్, డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టోస్పైరోసిస్, కెన్నెల్ కాఫ్ టీకాలు, ప్రతిదాని గడువు తేదీ ఒక షీటులో. గడువుకు నెల ముందే యజమానికి గుర్తుచేసే ఏర్పాటు ఉండాలి. మొదటిసారి రేబిస్ టీకా వేయిస్తే 21 రోజులు ఆగాలి. మూడు నెలలకొకసారి నులిపురుగుల మందు, పిడుదులకు నెలనెలా మందు. వాంతులు, విరేచనాలు అయితే తగ్గాక కూడా 48 గంటలు ఇంట్లోనే. దగ్గుతున్న కుక్కను పశువైద్యుడు సరే అనేదాకా తేకూడదు, మూసిన గదిలో కెన్నెల్ కాఫ్ ఒకటినుంచి అన్నింటికీ పాకుతుంది. ఎదకు వచ్చిన ఆడకుక్క ఆ మూడు వారాలూ సెలవు.

ఇదంతా ఆరోగ్యం. స్వభావాన్ని కాగితం చెప్పదు. అందుకు నాలుగు అంచెల పరిశీలన పెట్టారు. సెలవురోజున ఖాళీ ఆఫీసులో అరగంట; కొద్దిమంది ఉన్నప్పుడు రెండు గంటలు; సగం రోజు; చివరికి పూర్తి రోజు. ప్రతిసారీ మామూలు చప్పుళ్లు: చక్రాల కుర్చీ దొర్లడం, తాళాల గుత్తి కిందపడటం, హెల్మెట్ పెట్టుకున్న కొరియరు మనిషి రావడం. యజమాని 10 నిమిషాలు కనపడకుండా వెళ్లాలి. బీగిల్ ఆగిపోయింది ఇక్కడే. మూడో నిమిషంనుంచి ఏడుపు, ఐదో నిమిషానికి తలుపు గీకడం. అది చెడ్డ కుక్కేమీ కాదు, ఒంటరితనం పడదు. పాసయినట్టు గుర్తు రెండే: పావుగంటలో తనంతట తాను పడుకోవడం, ఇష్టమైన తిండి ఇస్తే తినడం. ఎంతో ఇష్టమైనది కూడా ముట్టలేదంటే అది బుద్ధిమంతురాలని కాదు, భయంతో బిగుసుకుపోయిందని. తినే గిన్నెలో చెయ్యిపెట్టి చూసే "పరీక్ష" మాత్రం ఎవరూ చేయొద్దు, లేని అలవాటును నేర్పినట్టవుతుంది.

ఎన్ని కుక్కలన్నది గది చెబుతుంది. లీష్ (కుక్కను కట్టి పట్టుకునే తాడు) పొడవు 1.2 మీటర్లు. రెండు కుక్కలు ఒకదానికొకటి అందకూడదంటే కొక్కేల మధ్య రెండు లీష్‌ల పొడవు, దానిపైన శరీరాలకోసం ఇంకో 1.5 మీటర్లు, మొత్తం 3.9 మీటర్లు ఉండాలి. 6 × 5 గదిలో మూలకొకటి పెడితే దూరాలు 6, 5 మీటర్లు వస్తాయి. అంటే నాలుగు కుక్కలు. ఆరు పట్టించాలని చాలా బొమ్మలు గీశారు, ఐదోది ఎక్కడ పెట్టినా తలుపుకు అడ్డమే. నాలుగు దగ్గరే ఆపారు.

లీష్‌ను కుర్చీకో టేబుల్ కాలికో కట్టకూడదు. కుక్క ఉలిక్కిపడి లాగితే చక్రాల కుర్చీ దానివెంటే దొర్లుకొస్తుంది, అది చూసి ఇంకా బెదిరి పరిగెత్తుతుంది. ఈ పరుగు ఆపడం ఎవరివల్లా కాదు. గోడకు నేలనుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో బోల్టు వేసిన కొక్కెం, మెడపట్టీకి కాకుండా ఛాతీ హార్నెస్‌కు తగిలించిన లీష్. బటన్ నొక్కితే సాగే రకం లీష్ ఆఫీసులోకి వద్దు. తలుపు బయట ఒక మీటరు ఎత్తు గేటు ఉండాలి, ఒకటి వేశాకే ఇంకోటి తీయాలి. ఎన్నిసార్లు చెప్పినా కొరియరు మనిషి రెండూ తెరిచిపెడతాడు కాబట్టి గేటుకు దానంతటదే మూసుకునే స్ప్రింగు ఉండాలి.

ఒక్కో కుక్కకు వారానికి రెండు రోజులు మించకూడదు. మూడు గంటలకొకసారి 15 నిమిషాలు బయటికి. యజమాని క్యాలెండరులో ఆ సమయం మీటింగులకు దొరకకుండా మూసి ఉంటుంది. అరగంట మించిన మీటింగయితే కుక్క బాధ్యత పేరు పెట్టి ఇంకొకరికి అప్పగించాలి. "అందరూ చూస్తుంటారులే" అంటే ఎవరూ చూడరని అర్థం. మీటింగు గదుల్లోకి కుక్కలు లేవు, పరుపు మీద పడుకున్న కుక్కను ముట్టుకోవడం లేదు.

లిఫ్టు, బ్యాగు, ఉచ్చ

ఈ మూడింటికీ విడిగా శిక్షణ కావాలి. ప్రమాదాల్లో ఎక్కువ వీటిచుట్టూనే తిరుగుతాయి.

లిఫ్టులో మనిషి లోపల, కుక్క బయట ఉండగా తలుపు మూసుకుంటే మెడకు ఉరి పడుతుంది. తలుపు సెన్సరు సన్నటి లీష్‌ను గుర్తించకపోవచ్చు. లీష్‌ను హార్నెస్ దగ్గర పొట్టిగా పట్టుకుని, కుక్కను పక్కనే పెట్టుకుని కలిసి ఎక్కాలి, కలిసి దిగాలి, ఫోను జేబులో ఉండాలి. ఒక లిఫ్టులో ఒకటే కుక్క.

విషం చాలావరకు నేలమీద పెట్టిన బ్యాగులోంచి వస్తుంది. షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కుక్క బరువులో కిలోకు 0.1 గ్రాము చేరితే చక్కెర పడిపోతుంది. 10 కిలోల కుక్కకు ఒక గ్రాము. కొన్ని బ్రాండ్లలో ఒకటి రెండు బిళ్లల్లోనే అంత ఉంటుంది. చాక్లెట్‌లో ఉండే థియోబ్రోమిన్ అనే పదార్థం కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే వాంతులు, నిలకడలేనితనం మొదలవుతాయి, 40 నుంచి 50 దగ్గర గుండె లయ తప్పుతుంది, 60 దగ్గర ఫిట్స్. అదే 10 కిలోల కుక్కకు మొదటి మెట్టు దాదాపు 100 గ్రాముల మిల్క్ చాక్లెట్ లేదా 40 గ్రాముల డార్క్ చాక్లెట్. ద్రాక్ష, కిస్‌మిస్‌లకు "ఇంతవరకు ఫరవాలేదు" అనే కొలత లేదు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఉల్లి, వెల్లుల్లి, ఐబుప్రోఫెన్ మాత్రలు, బటన్ బ్యాటరీలు, పెస్ట్ కంట్రోల్‌వాళ్లు మూలల్లో పెట్టే ఎలుకమందు కూడా ఈ వరుసలోవే. చివరిది ఎక్కడెక్కడ పెట్టారో కాంట్రాక్టరు దగ్గర రాతపూర్వకంగా తీసుకోవాలి. తిన్నదని తెలిస్తే రేపరుతో సహా పశువైద్యుడి దగ్గరికి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం ఇంకో విషం. గదిలో మనుషుల బ్యాగులకు గోడమీద ఎత్తుగా కొక్కేలు పెట్టారు, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఉచ్చ విషయంలో కాన్ఫరెన్స్ గదిలో జరిగింది ఇది. మొదట అమోనియా ఉన్న క్లీనరుతో రుద్దారు. ఉచ్చ వాసనలోనూ అమోనియా ఉంటుంది కాబట్టి కుక్కకు అది "ఇక్కడే పోయాలి" అన్న గుర్తయింది. ఇంకో కుక్క వచ్చి అక్కడే పోసింది. తర్వాత బ్లీచింగ్ ద్రావణం పోశారు. బ్లీచ్, ఉచ్చ కలిస్తే కళ్లూ గొంతూ మండించే క్లోరమిన్ వాయువు పుడుతుంది. సరైన వరుస: చేతికి గ్లవ్స్, మందపాటి కాగితంతో అద్ది పీల్చాలి, రుద్దకూడదు, మామూలు నీళ్లు కొద్దిగా పోసి మళ్లీ అద్దాలి, ఎంజైమ్ క్లీనరు మరక అంచుదాటి తడిసేలా పోసి 10 నుంచి 15 నిమిషాలు వదిలేయాలి, అద్ది ఆరనివ్వాలి. ఎంజైము పనిచేసేది తడిగా ఉన్నంతసేపే. చల్లి వెంటనే తుడిచేసేవాళ్లే "పనిచేయలేదు" అంటారు. కార్పెట్ అడుగు పొరకు దిగిపోతే ఏదీ పనిచేయదు, ఆ ముక్క కోసి మార్చాల్సిందే. శుభ్రం చేయాల్సింది యజమాని, హౌస్‌కీపింగ్ కాదు.

నీళ్ల గిన్నెను కరెంటు సాకెట్లకు ఎదురుగోడ దగ్గర పెట్టాలి. వైర్లన్నీ నేలనుంచి 60 సెంటీమీటర్ల ఎత్తువరకు గట్టి పైపులో వెళ్లాలి. లీజు పత్రంలో జంతువుల మాట ఉందో లేదో, బీమా కుక్కకాటుకు వర్తిస్తుందో లేదో సర్క్యులరు వెళ్లకముందే చూడాలి. ఫైర్ డ్రిల్‌లో ప్రతి కొక్కెం పక్కన విడి లీష్ వేలాడుతుండాలి. బయటికి వచ్చాక కుక్కకోసం ఎవరూ తిరిగి లోపలికి వెళ్లకూడదు.

పిల్లి సంగతి

పిల్లిని తెచ్చుకుంటానని ఒకరు అర్జీ పెట్టారు. కాదన్నారు. కుక్కకు మనిషి ముఖ్యం, పిల్లికి చోటు ముఖ్యం. రోజూ బుట్టలో పెట్టి కొత్త చోటికి మోయడం దానికి శిక్ష. ఆఫీసులోనే ఉండిపోయే పిల్లి సంగతి వేరు. లండన్‌లో మనీ ఆర్డర్ ఆఫీసు ఎలుకల బెడదకు 1868లో మూడు పిల్లులను పెట్టుకుంది, వారానికి మూడింటికీ కలిపి ఒక షిల్లింగు తిండి ఖర్చు, ఆరునెలల ప్రొబేషన్. నవ్వొచ్చినా, బడ్జెట్టూ గడువూ కాగితం మీద పెట్టడంలో ఈనాటి చాలా ఆఫీసులకంటే వాళ్లే నయం. ఉండిపోయే పిల్లికి సెలవుల్లో తిండి ఎవరు పెడతారో, రాత్రి ఏసీ ఆపాక గది ఎంత వేడెక్కుతుందో ముందు తేలాలి. లిల్లీ పూలగుత్తులు ఆ బిల్డింగులోకే రాకూడదు, పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి. నేల తుడిచే ఫినాయిల్ కూడా పిల్లికి పడదు.

ఏం మారింది, ఏం మారలేదు

మొదటి సర్క్యులరులో "ఉత్పాదకత పెరుగుతుంది" అని రాశారు. రెండోదాంట్లో ఆ వాక్యం తీసేశారు, తీసేయడమే న్యాయం. వర్జీనియా కామన్వెల్త్ యూనివర్సిటీవాళ్లు 2012లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో తరచూ చెబుతారు. కుక్కను తెచ్చుకున్నవాళ్లు తమకు రోజు గడిచేకొద్దీ ఒత్తిడి తగ్గినట్టు చెప్పారు. కానీ ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కొలతలో తేడా కనపడలేదు. పైగా అది ఏళ్లుగా కుక్కలకు అలవాటుపడిన ఒకే కంపెనీ. దాన్నిబట్టి సొంత ఆఫీసుకు హామీలివ్వకూడదు. మనుషులకు బాగుంటుంది, అంతవరకు చెప్పుకోవచ్చు.

ఐదింటిలో మూడు కుక్కలు నాలుగంచెలూ దాటి రెండో విడతలోకి వచ్చాయి. నాలుగో మూల ఖాళీగా ఉంది. బీగిల్ ఇంట్లోనే ఉంటోంది. లాబ్రడార్‌కు పశువైద్యుడు తిండి దగ్గర కాపలాకాసే అలవాటును మాన్పించే శిక్షణ మొదలుపెట్టాడు, "ఇచ్చిపుచ్చుకోవడం" పద్ధతిలో: దాని దగ్గరున్నది తీసుకునేటప్పుడు అంతకంటే మంచిది ఇవ్వడం. మెరుగైనా మళ్లీ తేకూడదని యజమానే నిర్ణయించుకున్నాడు. టెస్టింగ్ ఉద్యోగి ఐదురోజులూ ఆఫీసుకు వస్తోంది. ఇన్‌హేలర్ వాడకం పూర్తిగా ఆగలేదు, బట్టలమీద వచ్చేది సున్నా కాదు, కాబట్టి ఫారం మూడు నెలలకొకసారి మళ్లీ తిరుగుతోంది. రెండోసారి తిరిగినప్పుడు 9 కాస్తా 11 అయింది. దాన్ని వైఫల్యంగా లెక్కించలేదు. ఇంకో ఇద్దరికి మొహమాటం పోయింది.

తేలకుండా ఉన్నది లిఫ్టే. పొద్దున 8:30 నుంచి 9 లోపు సామాను లిఫ్టు వాడుకోవడానికి బిల్డింగువాళ్లు ఒప్పుకున్నారు. సాయంత్రం ఆ లిఫ్టు ఐదింటికే ఆపేస్తారు. ఐదు దాటితే కుక్కలు మెట్లమీదుగా దిగుతున్నాయి, మూడింటిలో ఒకదానికి తొమ్మిదేళ్లు, దిగేటప్పుడు వెనకకాళ్లు తడబడుతున్నాయి. మామూలు లిఫ్టు ఎక్కించాలంటే మిగతా రెండు కంపెనీలవాళ్లను అడగాలి, అక్కడికి ఫారం ఇంకా వెళ్లలేదు. ప్రస్తుతానికి ఆ ముసలి కుక్క యజమాని నాలుగున్నరకే లేచి వెళ్తున్నాడు.